అమ్మ బల్ల మానేసిన సంగతి

నాకు రెండు పేర్లున్నాయి. ఒకటి బళ్లో రాయించింది, ఒకటి గుళ్లో పెట్టింది. రెండూ ఇక్కడ రాయను. మా పల్లెలో నా ఈడువాళ్లందరికీ రెండేసి పేర్లుండేవి కాబట్టి అదొక వింతని నాకెప్పుడూ తోచలేదు. పల్లె అంటే ఊరికి దక్షిణాన, కాలవ దాటాక, మా వాళ్లంతా ఉండేచోటు. ఊళ్లో రైతులు, పల్లెలో వాళ్ల పత్తి చేలల్లోనూ మిరప చేలల్లోనూ పనిచేసే మేము. పల్లె మధ్యలో గుడి. గుడి అంటే మాకు చర్చే. ఆదివారం గంట కొడితే ముసలీ ముతకాతో సహా అందరం అక్కడే. బడి రికార్డులో మాత్రం పల్లెకి పల్లె హిందువులం. ఎస్సీలకిచ్చే సీటుగానీ ఉద్యోగంగానీ కావాలంటే కిరస్తానం అన్న మాట కాగితం మీద కనపడకూడదు. కనపడితే ఎస్సీలు కాదంటారు. మాతో చాకిరీ చేయించుకునేటప్పుడు, హోటల్లో మా టీ గ్లాసు విడిగా పెట్టేటప్పుడు మేం ఏ దేవుడికి మొక్కుతామని ఒక్కరూ అడిగేవారు కాదు. సీటు దగ్గరకొచ్చేసరికే అందరికీ మా దేవుడు గుర్తొచ్చేవాడు.

అందుకని పలక పట్టినప్పుడే మాకో పాఠం చెప్పేవాళ్లు, ఆఫీసరెవరైనా వచ్చి అడిగితే ఏమనాలో. మా అయ్యగారి పిల్లలకీ అదే పాఠం. అయ్యగారంటే మా పాస్టరు, నేను పుట్టకముందు నుంచీ మా గుళ్లో ఉన్నాయన. ఎవరికీ అది పాపంగా అనిపించలేదు. "కాగితానికి చూపించే మొహం కాగితానికి, దేవుడికి చూపించే మొహం దేవుడికి" అనేవాడు మా నాన్న. ఆయన పుట్టుకతోనే కిరస్తానం. ఆయన భక్తి గొడుగు లాంటిది. వానొస్తే తీసేవాడు, లేకపోతే మూలన పెట్టేవాడు.

అమ్మ అట్టా కాదు. అమ్మది కనిగిరి వైపు మెట్ట ఊరు, అమ్మవారికి కొలుపులు చేసే ఇల్లు. పెళ్లై ఇక్కడికొచ్చాక ఒకరి వెనక ఒకరు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. రెండో బిడ్డ పోయిన నెలకి మిరప చేలో కాయ కోస్తూ కోస్తూ గట్టు మీద కూలబడిందట. అక్కడ తనకి ఏదో జరిగింది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్కలాగే చెప్పేది: "ఎవరో భుజం మీద చెయ్యేసినట్టయింది. ఇక ఏడుపు రాలా." మా వాళ్లు దాన్ని రక్షణ పొందటం అంటారు. అంటే మన పాపాలన్నీ ప్రభువు మోసేశాడని, చచ్చాక ఆయన దగ్గరికే పోతామని గట్టి నమ్మకం కుదరటం. ఆ తర్వాత సాగర్ కాలవలో బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజే బొట్టు తీసేసింది. పుట్టింటికెళ్తే మా అమ్మమ్మ "మొగుడు బతికుండగా ఈ బోడి మొహమేంటే" అని గుమ్మం ఎక్కనివ్వలేదు. అమ్మ ఆ గుమ్మం మళ్లీ ఎక్కలేదు. అమ్మమ్మ పోయినప్పుడు కూడా వీధిలో నిలబడి ఏడ్చి వచ్చింది. కాస్త బొట్టు పెట్టుకుని లోపలికి రమ్మని మా మేనమామ చేతులు పట్టుకుని బతిమాలాడు. వినలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎండలో నిలబడలేక ఆమె మీద చాలా కోపమొచ్చింది.

నేను ఇంటర్ పాసైంది తొంభైల చివర్లో. టీచర్ ట్రైనింగు ఎంట్రన్సులో మంచి ర్యాంకే వచ్చింది. సీటు చేతికి రావాలంటే కులం సర్టిఫికెట్ కావాలి. దానికి అర్జీ పెట్టిన వారానికి మండలాఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం పోయింది. వీళ్లు కిరస్తానీలు, తల్లి గుళ్లో పాటలు పాడుతుంది, ప్రభువు తనకేం చేశాడో లేచి సాక్ష్యం చెబుతుంది, విచారించండి అని. ఎవరు రాశారో నేటికీ తెలీదు. పల్లె మొత్తం అదే అయినప్పుడు మా ఇంటి మీదే ఎందుకంటే, ఆ ఏడు సీటు అంచుదాకా వచ్చింది నేనొక్కదాన్నే. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకి వస్తున్నాడని కబురొచ్చింది.

నాన్న ఆ రోజు పనిలోకి పోలేదు. బైబిలు, పాటల పుస్తకం బియ్యం డబ్బాలోకి దించాడు. గోడకున్న వాక్యాల క్యాలెండరు తీసేసి, ఎరువుల కొట్టువాళ్లిచ్చిన అమ్మవారి క్యాలెండరు తగిలించాడు. పాతది ఉన్న చోట సున్నం తెల్లగా కనపడుతుంటే అది మూసుకుపోయేట్టు కొత్తదాన్ని మూడుసార్లు జరిపాడు. ఎవరింటి నుంచో పొట్లంలో కుంకుమ తెచ్చాడు. అమ్మకి పాఠం చెప్పాడు. "ఏమడిగినా 'మేం ఎస్సీలమండి' అను. 'మా పెద్దోళ్లూ ఎస్సీలేనండి' అను. అంతకుమించి నోరు తెరవబాక. అది అబద్ధం కూడా కాదు, నిజమే."

అమ్మ అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంది. ఆ నుదుటికి కుంకుమ తగిలి ఇరవై ఏళ్లయింది. చెయ్యి కుదరక కాస్త పక్కకి పోయింది. నేనే కొంగుతో తుడిచి, మళ్లీ గుండ్రంగా దిద్దాను.

ఇన్‌స్పెక్టరు పదకొండింటికొచ్చాడు, వెంట కరణంగారు. చెడ్డమనిషేం కాదు. నవ్వు మొహం. మంచం వాలిస్తే కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే తాగలేదు గానీ వద్దని మాత్రం మర్యాదగానే అన్నాడు. నాన్నని నాలుగు ప్రశ్నలడిగి రాసుకున్నాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ అమ్మకేసి చూశాడు. ఏళ్ల తరబడి బొట్టు పెట్టే ఆడవాళ్లకి ఆ చోట చర్మం రంగు మారి మచ్చలా ఉంటుంది. అమ్మ నుదురు చంటిపిల్ల నుదురులా నున్నగా ఉంది.

"ఏమ్మా, ఈ బొట్టు ఇవాళే మొదలెట్టినట్టున్నావే?" అని నవ్వాడు. కరణంగారూ నవ్వారు.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ ఆ నేర్పిన ముక్క అంటుందనుకున్నాను. అది అన్నా సరిపోయేదేమో. ఆయన కాగితం అప్పటికే ముప్పాతిక నిండింది, ఎండలో ఇంకో రెండూళ్లు తిరగాల్సిన మనిషి, రాసుకుని పోయేవాడేమో. అది ఇప్పుడనుకుని ఏం లాభం.

"నా బిడ్డ మీద ఒట్టు బాబూ," అంది అమ్మ. "ఆ యేసు ఎవరో నేనెరగను. నాకూ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. గుడి ఊడ్చేదానికి పోతా, అంతే."

ఆయన ఆ మాట అడగలేదు. అందుకేనేమో ఆయన కూడా కాస్త తడబడి, "సర్లేమ్మా, సర్లే, ఎందుకంత ఒట్లు" అంటూ రాసేసుకున్నాడు. ఇంకు డబ్బా తెరిచి అమ్మ బొటనవేలు కాగితం మీద ఒత్తించుకుని లేచాడు.

ఆ క్షణంలో నాకేమనిపించిందో దాచుకోను. సంతోషం వేసింది. సీటొచ్చేసిందనుకున్నాను. అమ్మ ఎంత బాగా చెప్పింది అని కూడా అనుకున్నాను. ఆమె మొహంకేసి చూడాలని తోచలేదు.

వాళ్లు మలుపు తిరిగిందాకా అమ్మ గుమ్మంలోనే నిలబడి, తర్వాత దొడ్లోకెళ్లి సబ్బు పెట్టి మొహం కడుక్కుంది. వచ్చి పొయ్యి అంటించింది. ఆ పూట గోంగూర పప్పు చేస్తే అందరం కడుపునిండా తిన్నాం. నాన్న ఇన్‌స్పెక్టరు నడకని అనుకరిస్తే నవ్వుకున్నాం కూడా. అమ్మ నవ్విందో లేదో నాకు గుర్తులేదు.

మా గుళ్లో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కలు ఒక పళ్లెంలో, ద్రాక్షరసం బుల్లి గ్లాసుల్లో వరసల మధ్య చేతులు మారుతూ వస్తాయి. అది ప్రభువు శరీరం, ప్రభువు రక్తం అని నమ్మి తీసుకోవాలి. పాపం కడుపులో పెట్టుకుని తీసుకునేవాళ్లు తమ శిక్ష తామే తిని తాగినట్టని అయ్యగారు ప్రతిసారీ హెచ్చరిస్తారు. బస్సులో 'చేతులు బయట పెట్టరాదు' అన్న మాట చదివినట్టు మేం ఆ హెచ్చరిక వినేవాళ్లం. ఆ నెల ఆడవాళ్ల వైపు చాప మీద అమ్మ పక్కన నేను కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. అమ్మ రెండు చేతులతో అందుకుని, ఏమీ తీసుకోకుండా నా చేతికిచ్చింది. గ్లాసులూ అంతే. ఒంట్లో బాగాలేదేమో అనుకుని నేను నాది తీసుకున్నాను.

రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. అప్పటికి ఆడవాళ్లు గుసగుసలు మొదలెట్టారు. బల్ల మానేసిందంటే ఏదో చెయ్యకూడనిది చేసి ఉంటుందని మా వాళ్ల లెక్క. "చూడబోతే చీమకి కూడా హాని చెయ్యనట్టుండే, ఏం చేసిందో ఏమో" అని నాకు వినపడేట్టే అనుకున్నారు. అమ్మ పాడటం మానేసింది. సాక్ష్యం చెప్పమంటే తల అడ్డంగా ఊపేది. గుడికి వెళ్లటం మాత్రం మానలేదు. అందరికంటే ముందెళ్లి ఊడ్చి, చాపలు పరిచి, వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. ఇన్‌స్పెక్టరుతో అన్న మాటని నిజం చేస్తున్నట్టు, ఊడ్చేదానికే వెళ్లేది.

సర్టిఫికెట్టూ సీటూ వచ్చాయి. ట్రైనింగు నుంచి సెలవులకొచ్చినప్పుడు అమ్మని నిలదీశాను. అమ్మ వాకిట్లో గోతాం పట్టా మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఒక గుప్పెడు తీసుకున్నాను.

"ఎందుకు మానేశావు చెప్పు."

"నీకు తెలీదా?"

"తెలుసు. నీ నోటితో చెప్పు."

"ఎరగనన్నాగా ఆయన్ని. ఎరగని ఇంటికి పోయి ఎవరన్నా తింటారా?"

"పల్లెలో అందరూ హిందువులమనే రాయించారు. అయితే అందరూ నరకానికేనా?"

"వాళ్ల సంగతి నాకెందుకమ్మాయ్. వాళ్లు కాగితం మీద రాశారు. నేను నోటితో అన్నా. ఒట్టేసి అన్నా. ఎవరూ అనమన్లా."

"సరే, అన్నావు. ఆయన క్షమించడా? ఒక్క మాటకి ఇరవై ఏళ్ల భక్తీ పోతుందా?"

అమ్మ తొడిమ గిల్లి కాయ ఇటు, తొడిమ అటు వేసింది. ఇంకో కాయ తీసుకుంది. చివరికి "కళ్లు నలుపుకోబాక, చేతికి కారముంది" అంది.

అయ్యగారి దగ్గరికెళ్లి మొత్తం చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే ఇంటికొచ్చారు. అమ్మ కింద కూర్చుంటే ఆయన కుర్చీ వద్దని తనూ చాప మీదే కూర్చున్నారు. "చూడమ్మా, రక్షణ నువ్వు సంపాదించుకున్నది కాదు, పారేసుకోవటానికి. ఆయన ఇచ్చింది. ఆయన చేతిలో ఒకసారి పడినవాళ్లని ఎవడూ లాగలేడు, వాళ్లంతట వాళ్లు కూడా జారలేరు. పుట్టిన బిడ్డ తప్పు చేస్తే పుట్టకుండా పోతుందా? తిట్టుకుంటావు, కొట్టుకుంటావు, బిడ్డ బిడ్డే" అన్నారు. నాకు ఎంత హాయిగా ఉందో. అమ్మ తల వంచుకుని అంతా విని, "అవునండి అయ్యగారూ" అంది. ఆయన వెళ్లాక నాన్న, "ఆయనట్టా అనకేం చేస్తాడు, ఆయన కొడుకు కూడా ఆ సర్టిఫికెట్టు మీదేగా బ్యాంకులో కూర్చుంది" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "ఆయన మంచోడు. మంచోళ్లు అట్టాగే చెప్తారు" అంది. మొదటి ఆదివారం వచ్చింది. పళ్లెం వచ్చినట్టే వచ్చి నా చేతిలోకి పోయింది.

రెండువేలు దాటాక నాకు ఉద్యోగమొచ్చింది. దర్శి దగ్గర ఒక ఊళ్లో బడి. అమ్మ పల్లెలో ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది. చేలో పత్తి తీస్తున్నా, మిర్చి యార్డులో పనిచేస్తున్నా పక్కనున్న ఆడవాళ్లకి "మా అమ్మాయి టీచరు" అనేది. అడగనివాళ్లకి కూడా చెప్పేది. ఒకసారి చెప్పాపెట్టకుండా నా బడికి వచ్చింది. నేను మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తోందో, పిల్లలు చూపిస్తే గానీ నాకు తెలీలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. "నువ్వు చెప్పుకో, నేను చూస్తా" అంది. ఆ రోజు ఆమె మొహంలో ఉన్న వెలుగు చూసి, పోనీలే, దారిలో పడిందనుకున్నాను. ఆ వారమే మొదటి ఆదివారం. మళ్లీ కథ మామూలే.

నాకు పంతం పట్టుకుంది. గుంటూరులో పెద్ద కూటాలు జరుగుతుంటే, ఎక్కడినుంచో పేరున్న ప్రసంగీకుడు వస్తున్నాడంటే అమ్మని తీసుకెళ్లాను. మా అయ్యగారి మాట చిన్న మాట అయింది గనక మైకులో పెద్ద మాట వింటే నమ్ముతుందని నా ఆశ. మిరప కళ్లాల కాలం. గాలిలోనే ఘాటు, మైదానంలో సగం జనం దగ్గుతూ కూర్చున్నారు. ఆయన తెల్ల బట్టల్లో స్టేజీ అటు చివర నుంచి ఇటు చివరకి నడుస్తూ అరిచాడు: "రక్షణ నీ జేబులో ఉందనుకుంటున్నావా? కళ్లంలో మిర్చి పోశావు. కోత అయింది, ఎండింది, ఇక నాదేననుకున్నావు. ఆఖరి రోజు వాన పడింది! ఏమైంది? తాలు! తాలుకాయ ఎవడిక్కావాలి?" జనం హల్లెలూయ అన్నారు. అందరూ మిరప తెలిసినవాళ్లే కదా, ఉదాహరణ బాగా ఎక్కింది.

ఆ సీజన్లో అమ్మ చేస్తున్న పనే అది. తడికి రంగు చెడి తెల్లబడిన కాయని తాలు అంటారు. ఎర్రకాయల్లోంచి తాలు ఏరి పక్కన పడెయ్యాలి. ఇన్నేళ్లలో ఎన్ని లక్షల కాయలు ఏరిందో. ఆమె ఆ మాటకి మెల్లగా తల ఊపింది, బళ్లో పిల్లలు తెలిసిన లెక్కకి ఊపినట్టు. నాకు స్టేజీ ఎక్కి ఆయన మైకు లాక్కోవాలనిపించింది. లేచి, అమ్మ చెయ్యి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ బయటికొచ్చేశాను.

బస్సు ప్రత్తిపాడు దాటాక నేనే అన్నాను, "వాన పడితే అది కాయ తప్పా?"

"కాయ తప్పని ఎవరన్నారు? రంగు పోద్ది, అంతే."

"మరి నువ్వు ఆయన చెప్పింది నమ్ముతావా, మన అయ్యగారు చెప్పింది నమ్ముతావా?"

"ఇద్దరూ చదువుకున్నోళ్లే" అంది అమ్మ.

ఆ కోపంలో ఇంటికొచ్చాక అనేశాను. "ఇదంతా నా మూలంగానేగా. రేపే మండలాఫీసుకెళ్లి మేం కిరస్తానీలం, సర్టిఫికెట్ తీసేసుకోండని రాసిస్తా. ఉద్యోగం పోతే పోనీ. అప్పుడన్నా బల్ల తీసుకుంటావా?"

నా జన్మలో అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. చెంప మీద కొట్టింది. "ఆ మాట ఇంకోసారి నీ నోట్లో నుంచి వస్తే కాలవలో దూకుతా" అంది. నాన్న మధ్యలోకొచ్చి ఇద్దర్నీ తిట్టాడు. నేను ఏడ్చాను. దెబ్బకి ఏడ్చానని వాళ్లనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆమె వద్దన్నందుకు నా ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటం తెలిసి ఏడ్చాను. నేను నిజంగా రాసిచ్చేదాన్నా? ఇవ్వను. అది నాకు తెలుసు, అమ్మకీ తెలుసు.

తర్వాత తర్వాత నేను అడగటం మానేశాను. మొదటి ఆదివారాలు మా ఇంట్లో మాటలు తక్కువగా ఉండేవి. నాన్న వీలైతే ఆ రోజు ఏదో ఒక పని పెట్టుకుని ఊరెళ్లేవాడు. అమ్మ ఎప్పట్లానే చాపలు పరిచి వెనక గోడకి ఆనుకునేది. పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసుకోవటం కూడా నేను చూశాను. నా పేరు చెప్పేది, నాన్న పేరు చెప్పేది, పల్లెలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు చెప్పేది. తనకోసం ఒక్క ముక్క అడిగేది కాదు. ఏం ప్రార్థనమ్మా ఇది అని అరవాలనిపించేది. ఎవరి మీద అరవను?

రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలో అమ్మకి కడుపులో గడ్డ అని తేలింది. గుంటూరు తీసుకెళ్లాం. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ముదిరింది, ఇంట్లో పెట్టుకుని బాగా చూసుకోండన్నాడు. సెలవు పెట్టి పల్లెకొచ్చాను. రెండు నెలలు మంచంలో ఉంది. అమ్మను గుడి వెనక దొడ్లో పాతిపెట్టాం. విశ్వాసులకి చదివే మాటలే అయ్యగారు ఆమె మీదా చదివారు. నమ్మి చదివారో, నా మొహం చూసి చదివారో నేను అడగలేదు. దానికి నాలుగు రోజుల ముందు జరిగింది చెప్పాలి.

మధ్యాహ్నం మూడింటప్పుడు అయ్యగారు గుళ్లో బల్ల సామాను చిన్న పెట్టెలో పెట్టుకుని వచ్చారు. నేనే పిలిచాను. ఆయనకి అప్పటికే కళ్లు సరిగా కనపడవు, మంచందాకా నేనే చెయ్యి పట్టి నడిపించాను. అమ్మ గుర్తుపట్టి లేవబోయింది. ఆయన భుజం పట్టి పడుకోబెట్టారు.

"అమ్మా, ఏడెనిమిదేళ్లు నీ ఇష్టానికే వదిలేశా. ఇవాళ నా మాట విను" అన్నారు. "ప్రభువుని పట్టుకెళ్లిన రాత్రి శిష్యుల్లో పెద్దవాడే కోడి కూసేలోపు మూడుసార్లు ఆయన్ని ఎరగనన్నాడు. తర్వాత ఏడ్చాడు. ప్రభువు చేర్చుకున్నాడు. నువ్వు అన్నది ఒక్కసారి. అదీ భయపడి అన్నావు. రక్షణ పోతుందా పోదా అన్న గొడవ మనకొద్దు, పోయిందనే అనుకో. మళ్లీ ఇవ్వటానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. తప్పయింది ప్రభువా అని ఒక్క మాట అను. నేను రొట్టె నోట్లో పెడతా."

అమ్మ నిదానంగా, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది.

"ఆ శిష్యుడు తప్పయిందని ఏడ్చాడు అయ్యగారూ. నేను అట్టా ఏడవలా."

"అంటే?"

"ఆ ఆఫీసరు రేపొస్తే మళ్లీ అదే అంటా. వందసార్లొచ్చినా అదే అంటా. అయ్యో, ఆ మాట అనకుండా ఉండాల్సింది అని నాకు ఒక్క రోజన్నా అనిపీలా. ఆయన్ని పోగొట్టుకున్నా, అది బాధే. రోజూ బాధే. కానీ నా బిడ్డ బళ్లో నిలబడి పాఠం చెప్తంటే చూశా నేను. అది వద్దని ఎట్టా అనను? అది వద్దనకుండా తప్పయిందంటే, అది ఆయన మొహం మీద అబద్ధం ఆడినట్టు కాదా? ఆయన దగ్గర ఒక అబద్ధం ఆడింది చాలదా?"

అయ్యగారు ఎన్ని వందల మంచాల పక్కన వాక్యం చెప్పిన మనిషో. ఆయన చేతులు పెట్టె మీద అట్టాగే ఉండిపోయాయి.

ఇన్నేళ్లూ ఆమె భయంలో కూరుకుపోయిందని, నేను బయటికి లాగుతున్నానని అనుకున్నాను. రక్షణ పోదని చెప్పేవాళ్లని ఒకర్ని, పోతుందని చెప్పేవాళ్లని ఒకర్ని ఆమె ముందు నిలబెట్టాను. ఆమెకి ఆ సందేహమే లేదు. వెనక్కి వెళ్లే దారి ఆమెకి మొదటినుంచీ తెలుసు. ఆ దారిలో వెళ్లాలంటే నన్ను వద్దనుకోవాలి. అందుకని వెళ్లలేదు. తెలిసి, ఒక్కో నెలా లెక్కగా, పళ్లెం నా చేతికిచ్చి కూర్చుంది.

మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తప్పయిందని అనమ్మా. అబద్ధమైనా అను. నీకు మొక్కుతా, నా కోసం అను."

"నీ కోసమేగా అననిది" అంది అమ్మ.

అయ్యగారు ఏడుస్తూ పెట్టె మూయబోయారు. అమ్మ వేలు కొద్దిగా ఎత్తి ఆయన్ని ఆపింది. "దానికియ్యండి" అంది. ఆయన నాకేసి చూశారు. అమ్మ కూడా చూస్తోంది. ఆయన తడుముకుంటూ రొట్టె ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. నేను మింగిందాకా అమ్మ కళ్లు మూయలేదు. నేను తిన్నాను. ఇంకేం చెయ్యగలను.